పావురాన్ని పావురం అనిపించడానికి

ఇన్షిరాహ్‌కి సి భాష నేర్చుకోవాలన్న కోరిక చదువు మీది మమకారంతో పుట్టలేదు. ఒళ్ళు మండి పుట్టింది.

అలెగ్జాండ్రియాలో ఒక పెద్దాసుపత్రి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆమె ఆపరేటరు. పుట్టుకతోనే చూపు లేదు. కంప్యూటర్ తెర మీదికి వచ్చిన రాతను పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి వాడుతుంది. అందులోని గొంతు ఉచితంగా దొరికేది. అరబీ రాతలో పొట్టి అచ్చులు వేయరు, ఒత్తులూ వేయరు. చదివేవాడే సందర్భం చూసి కలుపుకోవాలి. ఆ గొంతుకు సందర్భం అన్నది ఏ ఊళ్ళో ఉంటుందో తెలియదు.

ఒక గురువారం మధ్యాహ్నం వాళ్ళమ్మ నజ్లా దగ్గర్నుంచి సందేశం వచ్చింది: మసాలా కూరిన పావురాలు చేశాను, తొందరగా రా అని. పావురానికీ బాత్‌రూముకీ రాతలో అక్షరాలు ఒకటే, పలకడంలో ఒక్క ఒత్తే తేడా. గొంతు తడుముకోకుండా, గది మొత్తం వినపడేలా, "కూరిన బాత్‌రూములు చేశాను, తొందరగా రా" అని చదివేసింది.

పక్క బల్ల మీది నగాత్ చేతిలో టీ గ్లాసు ఒలికిపోయింది. "మీ అమ్మగారి చేతివంట గొప్పదని విన్నాను గానీ, మరీ ఇంతని అనుకోలేదే," అంది. సాయంత్రానికి ఆ మాట గేటు దాకా పాకింది. మర్నాటి నుంచి కాపలావాళ్ళు "ఏమ్మా, ఇవాళ ఏం కూరారు?" అని అడగడం మొదలుపెట్టారు.

ఇన్షిరాహ్ ఆ గొంతును తయారుచేసినవాళ్ళకు ఘాటుగా రాసింది. వాళ్ళ జవాబు మర్యాదగా వచ్చింది. ఇబ్బందికి చింతిస్తున్నాం, మాలో అరబీ బాగా వచ్చినవాళ్ళెవరూ లేరు, ప్రోగ్రాం సి భాషలో ఉంది, ఎవరైనా తెరిచి చూసుకోవచ్చు, మీరు సరిచేసి పంపితే సంతోషంగా కలుపుకుంటాం అని.

"ఇల్లు కారుతోందయ్యా అంటే నిచ్చెన అదిగో అన్నారమ్మా," అంది ఇన్షిరాహ్.

నజ్లా ములూఖియా ఆకు తరుగుతూ, "ఎక్కరాదూ మరి," అంది. తల్లి వేళాకోళానికే అంది. కూతురికి మాత్రం ఆ మాట ముల్లులా దిగింది.

వాళ్ళ పిన్ని కొడుకు మిద్‌హత్ స్ముహాలో ఒక కంపెనీలో ప్రోగ్రామర్. మంచివాడు, అడగ్గానే వచ్చాడు. శుక్రవారం నమాజు నుంచి నేరుగా వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని, మధ్యాహ్నమంతా ఏవేవో దింపి ఎక్కించాడు.

"అక్కా, మా ఆఫీసులో అందరం వాడేది ఇదే. నువ్వు తప్పు చేస్తే కింద ఎర్రగీత వస్తుంది. సగం రాస్తే మిగతా సగం అదే చెబుతుంది. రంగులు కూడా మార్చి పెట్టాను. నల్లటి వెనకతెర, కళ్ళకు హాయిగా ఉంటుంది."

"ఎవరి కళ్ళకురా?"

మిద్‌హత్ నాలుక కరుచుకున్నాడు. "అలవాటులో వచ్చేసింది, ఏమనుకోకు. నువ్వోసారి మీట నొక్కి చూడు."

ఆమె మీట నొక్కింది. "పేరులేని బొత్తాం" అంది గొంతు. మళ్ళీ నొక్కింది. "పేరులేని బొత్తాం." ఇంకోసారి. "పలక. చెట్టు. పేరులేని బొత్తాం." కోడ్ రాసే చోటు ఎక్కడుందో వెతుక్కునేసరికి టీ చల్లారిపోయింది. తీరా చోటు దొరికి నాలుగక్షరాలు కొట్టగానే సాయం చేయడానికని ఏదో చిన్న పెట్టె తెరుచుకుని, గొంతు ఆ పెట్టెలోని మాటలన్నీ వరసపెట్టి చదవడం మొదలుపెట్టింది. ఆమె ఏం రాసిందో అది తప్ప అన్నీ చదివింది.

"దీన్ని నోరు మూయించడం ఎలా?"

"అది ఆపేస్తే ఇక దీన్ని వాడడం దేనికక్కా, దాని అందమే అదీ," అన్నాడు మిద్‌హత్ దిగులుగా. తర్వాత ఇంకోటి ఎక్కించాడు. అది ఇంకా ఘోరం. మూడోది తెరవగానే గొంతే ఆగిపోయింది. వెళ్ళేముందు తలుపు దగ్గర నిలబడి, "అసలు సి ఎందుకక్కా? ఇప్పుడు అందరూ తేలికైనవి నేర్చుకుంటున్నారు," అన్నాడు.

"నా పావురం సి లోనే ఉందిరా," అంది ఆమె.

తర్వాత వీడియో పాఠాలు. కైరో కుర్రాడొకడు చెప్పేవి చాలా బాగుంటాయని పేరు. నిజంగానే మాట చురుకైనది, హాస్యం తెలిసినవాడు. సంఖ్యల్ని దాచుకునే గదుల గురించి చెబుతుంటే ఆమెకు ఉత్సాహం వచ్చింది. కోడ్ దగ్గరికి రాగానే, "ఇదిగో, దీన్ని ఇక్కడ పెడతాం. ఇలా తెరిచి, ఇది రాసి, ఇలా మూసేస్తాం. అంతే, చూశారుగా, ఎంత సులువో," అన్నాడు. ఇన్షిరాహ్ వెనక్కి జరిపి మళ్ళీ వింది. దేన్ని? ఎక్కడ? మళ్ళీ వింది. "చూశారుగా," అన్నాడు కుర్రాడు అదే హుషారుతో. ఆమె ఫోన్‌ను మంచం మీదికి విసిరికొట్టింది. అది దిండు మీద పడి అక్కడి నుంచి కూడా పాఠం చెబుతూనే ఉంది.

మనిషి ఎదురుగా ఉండి నేర్పితే వేరుగా ఉంటుందనుకుంది. రమ్ల్ స్టేషన్ దగ్గర ఒక శిక్షణ కేంద్రంలో సాయంత్రం తరగతులున్నాయని తెలిసి, బాకూస్‌లో ట్రామెక్కి వెళ్ళింది. డైరెక్టరు గుమ్మం దాకా ఎదురొచ్చాడు. "మీలాంటివాళ్ళు రావడం మా అదృష్టం మేడమ్. మీరే మా కేంద్రానికి వెలుగు," అంటూ కుర్చీ తెప్పించి, జ్యూసు తెప్పించి, తమ పేజీలో పెట్టుకోవడానికి ఆమెతో ఫోటో కూడా దిగాడు. కంప్యూటర్లలో తెర చదివే ప్రోగ్రాం ఉందా అని ఆమె అడిగిన మాట మాత్రం ఆ వెలుగులో ఎవరికీ కనపడలేదు.

పాఠం చెప్పే షాహినాజ్ ఇంకా ముప్ఫై నిండని పిల్ల. దాపరికం లేని మనిషి. మొదటి రోజే పక్కన కూర్చుని, అక్కా అనే అర్థంలో అబ్లా అని పిలుస్తూ చెప్పేసింది. "అబ్లా, కోడ్‌ని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఉంటుంది కదా, మా దగ్గర వాడేది మా నాన్న కాలేజీలో వాడినది. నీలం తెరది. ఈ కాలపు కంప్యూటర్ మీద అది నేరుగా నడవదు, ఇంకో ప్రోగ్రాం లోపల పెట్టి నడిపిస్తాం. మీ గొంతు దాని లోపలికి వెళ్ళలేదు. మీరు చేరుతున్నారని తెలిసినప్పటి నుంచి, రెండు రోజులుగా ప్రయత్నిస్తూనే ఉన్నాను."

"మరి మార్చకూడదూ? కొత్తవి ఉచితంగా దొరుకుతున్నాయట కదా."

"పరీక్ష దీంట్లోనే పెడతారు. నోట్సులు దీనికే ఉన్నాయి. డైరెక్టరుగారు దీంట్లోనే నేర్చుకున్నారు." షాహినాజ్ గొంతు తగ్గించింది. "నిరుడు అడిగాను. పునాది గట్టిగా పడాలంటే ఇదే కావాలన్నారు."

"ఎవరి పునాది?"

షాహినాజ్ నవ్వబోయి ఆపుకుంది. ఆ వారమంతా ఆమె బోర్డు మీద రాస్తూ నోటితో కూడా చెప్పడానికి తంటాలు పడింది. వెనక వరసలోని కుర్రాళ్ళు విసుక్కున్నారు. ఇన్షిరాహ్ సొంత లాప్‌టాప్ తెచ్చుకుంటానంటే, డైరెక్టరు అది కేంద్రం నియమాలకు సరిపడదని ఎంతో ప్రేమగా చెప్పాడు. ఆమె మర్నాటి నుంచి వెళ్ళలేదు. ఫోటో మాత్రం చాలాకాలం వాళ్ళ పేజీలో ఉందని నగాత్ చెప్పింది. "జ్యూసు చేతిలో పట్టుకుని బాగా పడ్డావు," అంది.

మిగిలింది పుస్తకం. మిద్‌హత్ పంపిన ఫైలు తెరిస్తే గొంతు "ఖాళీ పేజీ" అంది. తర్వాతి పేజీ ఖాళీ. పుస్తకమంతా ఖాళీ. ఎవరో పేజీలకు ఫోటోలు తీసి అతికించారు. బొమ్మలో ఉన్న అక్షరం ఆ గొంతుకు అక్షరం కాదు. చివరికి వాడు తన పాత అచ్చుపుస్తకమే తెచ్చిచ్చాడు. నజ్లాకి ఇంగ్లీషు రాదు గానీ చిన్నప్పుడు బళ్ళో నేర్చుకున్న అక్షరాలు గుర్తున్నాయి. కళ్ళద్దాలు పెట్టుకుని కూతురి పక్కన కూర్చుంది.

"ఐ. ఎన్. టి. తర్వాత కాస్త ఖాళీ. ఎమ్, ఏ, ఐ, ఎన్. తర్వాత రెండు చంద్రవంకలు, ఎదురెదురుగా. లోపలేం లేదు. ఆ తర్వాత ఒక మీసం."

"మీసమేంటమ్మా?"

"మీసమేనే. నిలబెట్టిన మీసం. ముక్కు ఎడమవైపుకి పొడుచుకొచ్చింది. మీ తాతకి ఇలాగే ఉండేది, కాకపోతే అడ్డంగా."

ఇన్షిరాహ్ అన్నీ గుర్తుపెట్టుకుంది. ఎడమ ముక్కు మీసం, కుడి ముక్కు మీసం, కర్రకు అటోటి ఇటోటి సున్నాలు, కామా మీద చుక్క. తల్లి ఓపిగ్గా చదువుతుంటే కూతురు వేళ్ళతో కొట్టింది. ఒక్క పేజీ అయ్యేసరికి పొయ్యి మీది కూర అడుగంటింది. ప్రోగ్రాం నడవలేదు. వెతగ్గా వెతగ్గా, ఒకచోట నజ్లా చదివిన చుక్క అసలు చుక్క కాదని తేలింది.

"ఈగ వేసిపోయినట్టుందే," అంది నజ్లా, గోటితో గీకి చూసి.

"చూసుకుని చదవద్దూ అమ్మా."

"చూసే చదివాను. ఈగ ఏది, చుక్క ఏది అని నాకెలా తెలుస్తుంది? నాకేమైనా చెప్పి వేసిందా అది?" నజ్లాకి కోపం వచ్చింది. కళ్ళద్దాలు తీసేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట మాడిన కూరతోనే తిన్నారు.

చూపులేని స్నేహితులందరూ ఫోన్లో ఒకరికొకరు మాటలు రికార్డు చేసి పంపుకునే ఒక బృందం ఉంది. ఇన్షిరాహ్ అక్కడ తన గోడు వెళ్ళబోసుకుంది. పేరులేని బొత్తాలు, నీలం తెర, ఈగ, అన్నీ. మంచి సాధనం ఏదో చెప్పండి, మంచి పుస్తకం ఏదో చెప్పండి, ఎంత కష్టమైనా సంపాదించుకుంటాను అంది. చాలామంది అయ్యో పాపం అన్నారు. తాంతా నుంచి అబ్దుల్ తవ్వాబ్ అనే ఆయన మాత్రం నేరుగా ఫోన్ చేశాడు. యాభై దాటిన మనిషి, ఆమెలాగే చూపు లేదు, ఒక బ్యాంకు కోసం ప్రోగ్రాములు రాస్తాడు. గొంతు సిగరెట్ల వల్ల గరగరలాడుతోంది.

"ఇప్పటిదాకా నువ్వు సొంతంగా రాసిన ప్రోగ్రాం ఒక్కటి చెప్పు తల్లీ."

"ఇంకా ఏమీ రాయలేదు ఉస్తాద్. సరైన సాధనం దొరకందే..."

"పెళ్ళికొడుకే లేడు, నువ్వేమో సారె సర్దుకుంటున్నావు. ఏ గిన్నెలు కొనాలి, ఏ పరుపు కొనాలి. పరుపు మీద పడుకునేదెవరు?"

ఇన్షిరాహ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏ గిన్నె పట్టుకున్నా చెయ్యి కాలుతుంటే, కొనేదాని తప్పా అది?" అంది.

"గిన్నెదే తప్పు. అందుకే గిన్నె మానేయమంటున్నాను. రాసుకో. మామూలు నోట్‌ప్యాడ్, ఉత్తరాలు రాసుకునేది. కోడ్ దాంట్లో రాయి. నల్లకిటికీ ఉంటుంది కదా, ఆదేశాలిచ్చేది, కంపైలర్‌ని దాంట్లోంచి పిలువు. తప్పుంటే ఏ వరసలో ఉందో నంబరు చెబుతుంది. నోట్‌ప్యాడ్‌లో ఆ నంబరు వరసకి దూకు. అంతే. పేరులేని బొత్తాల్లేవు, ఎర్రగీతల్లేవు."

"అంత తేలికైతే అందరూ అదే ఎందుకు చెప్పలేదు?"

"చూసేవాళ్ళకి చూసేవే గుర్తొస్తాయి. ఇంకో మాట. కోడ్ చదివేటప్పుడు ఆ అరబీ గొంతు కట్టేసి ఇంగ్లీషు గొంతు పెట్టుకో. విరామచిహ్నాలన్నీ చదవమని చెప్పు. ప్రతి వాక్యం చివర ఉండాల్సిన సెమికోలన్‌ని ఇన్నాళ్ళూ అది మింగేస్తోంది, నీకు తెలుసా?"

ఆమెకు తెలియదు. ఇన్ని వారాలూ తన పక్కనే కూర్చుని నిక్షేపంగా మింగేసిందన్నమాట.

పుస్తకం సంగతి అడిగితే, ఫోటోలు కాకుండా నిజమైన అక్షరాలున్నది ఒకటి పంపాడు. మరీ పాతదీ కాదు, గొప్పదీ కాదు. "ఇదే మంచిదా?" అంటే, "చదివి పూర్తిచేసేదే మంచిది," అని పెట్టేశాడు.

దాంతో దారి సాఫీ అయిందనుకుంటే పొరపాటు. ఇప్పుడు తప్పులన్నీ ఆమె సొంతం. గొంతు ఆ మీసాలను "ఎడమ బ్రేస్, కుడి బ్రేస్" అనీ, కామా మీద చుక్కను "సెమికోలన్" అనీ ప్రతిదీ నోరారా చదువుతుంటే, అసలు వాక్యం ఆ గోలలో మునిగిపోయేది. వరస మొదట ఏం విన్నదో చివరికి వచ్చేసరికి మరిచిపోయేది. ఏడో వరసలో తప్పుందని కంపైలర్ అంటే ఏడో వరస పట్టుకుని వేలాడేది. తప్పు ఆరో వరస చివర ఉండేది. ఆ సంగతి కనిపెట్టడానికి ఆమెకు ఒక ఆదివారమంతా పట్టింది. అబ్దుల్ తవ్వాబ్‌కి ఫోన్ చేసి, "ఇది ఆరో వరస తప్పుని ఏడో వరస మీద ఎందుకు తోస్తుంది?" అని పోట్లాడింది.

"ఆరోది ఇంకా అవలేదనుకుంటుంది. ఏడోది వచ్చి తగిలాక గానీ తెలియదు. ట్రామ్‌లో నిద్రపోయినవాడు, స్టాపు దాటాకే కదా లేచేది."

అలా తిట్టుకుంటూ తిట్టుకుంటూ నేర్చుకుంది. చలికాలం తుఫానులు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. సముద్రం రోడ్డు మీదికెక్కింది. నజ్లా కోపం ఎప్పుడో పోయింది. "మీసాలు మొలిచాయా?" అని టీ తెచ్చి పెట్టేది. నగాత్ ఆఫీసులో "ఇంజనీరమ్మగారు" అనడం మొదలుపెట్టింది. ఇన్షిరాహ్ వార్డుల ఫోన్ నంబర్లు వెతికిపెట్టే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసింది. అది నడిచింది కూడా. పిల్లల వార్డు అడిగితే శవాగారం నంబరు ఇచ్చేది, అంతే తేడా. దాన్నీ సరిచేసింది.

ఇక చాలనుకున్న రోజున గొంతు తాలూకు అసలు ప్రోగ్రాం దింపుకుంది. ఫైళ్ళ పేర్లు వినడానికే గంట పట్టేలా ఉంది. ఒక్కొక్కటీ తెరిచి పావురం కోసం వెతికింది. సి ఫైళ్ళలో లేదు. దేంట్లోనూ లేదు. చివరికి వేరే ఒక మూల అరబీ మాటల నిఘంటువు దొరికింది. అది సి కాదు, ఏ భాషా కాదు. మామూలు రాత. ఎడమవైపు మాట, కుడివైపు దాన్ని పలికే తీరు. పావురం ఎదురుగా బాత్‌రూము అని ఎవరో రాసి పెట్టారు. ఒక్క అక్షరం తీసేస్తే సరిపోతుంది. నోట్‌ప్యాడ్ తెరవడం వస్తే చాలు, ఎవరైనా చేయొచ్చు.

ఇన్షిరాహ్ చేతులు కీబోర్డు మీది నుంచి తీసేసింది. కొండను తవ్వింది, దొరికింది ఎలుక. అబ్దుల్ తవ్వాబ్‌కి ఫోన్ చేసింది.

"నీకు ముందే తెలుసా?"

"ఏది? నిఘంటువు సంగతా? తెలుసు."

"తెలిసి ఇన్నాళ్ళూ..."

"నువ్వు సి నేర్పమన్నావు. పావురం ఎక్కడుందని అడగలేదు."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఆయన మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఆ అక్షరం తీసేసి, తల్లిని పిలిచి వినిపించింది. "కూరిన పావురాలు" అంది గొంతు శుభ్రంగా. నజ్లా చప్పట్లు కొట్టింది. ఇన్షిరాహ్ మాత్రం లోపల్లోపలే లెక్కేసుకుంది. ఇన్ని నెలలూ ఎందుకు చేతులు కాల్చుకున్నట్టు?

మర్నాడు పొద్దున్నే ఆసుపత్రిలో అందరికీ ఒక నోటీసు వచ్చింది. సరిచేసిన నిఘంటువును అప్పుడే ఎక్కించుకున్న ఆమె కంప్యూటర్ దాన్ని గట్టిగా చదివింది: "రెండో అంతస్తులో ఆడవారి పావురం పాడైంది. దయచేసి మొదటి అంతస్తు పావురాన్ని వాడగలరు."

నగాత్ బల్ల మీద తలపెట్టి నవ్వింది. "పాపం పావురం. ఎంతమందని మోస్తుంది?"

ఇన్షిరాహ్‌కి నవ్వు రాలేదు. మాట ఒకటే, పలుకులు రెండు. నిఘంటువులో ఏది రాసినా రెండోది చస్తుంది. ఏది పలకాలో తెలియాలంటే పక్క మాట చూడాలి. కూరిన, కాల్చిన, ఎగిరే అని పక్కనుంటే ఒకటి, అంతస్తు, ఆడవారి, తాళం అని ఉంటే ఇంకొకటి. పక్క మాటను చూసే పని నిఘంటువు చేయదు. అది చేయాల్సిన చోటు సి ఫైళ్ళలోనే ఉంది. నిన్న వెతుకుతూ దాన్ని దాటుకుంటూ వెళ్ళింది కూడా.

ఆ సాయంత్రం అబ్దుల్ తవ్వాబ్ మళ్ళీ చేస్తే ఆమె ఫోన్ ఎత్తింది.

"కోపం తగ్గిందా?"

"తగ్గలేదు. పక్క మాటని ముందే తెచ్చి పెట్టుకోవడం ఎలాగో చెప్పు."

ఆ ఒక్క పనికి మూడు సెలవు రోజులూ, లెక్కలేనన్ని తిట్లూ ఖర్చయ్యాయి. ప్రోగ్రాం పదేపదే కుప్పకూలింది. అది కూలినప్పుడల్లా చదివి వినిపించే గొంతు కూడా పోయేది, ఎందుకంటే ఆమె వింటున్న ఇంగ్లీషు గొంతూ ఆ ప్రోగ్రాంలోదే. నిశ్శబ్దంలో తడుముకుంటూ పాతది మళ్ళీ ఎక్కించుకోవాల్సి వచ్చేది. ఇంగ్లీషుకి పూర్తిగా వేరే ప్రోగ్రాం గొంతు పెట్టుకోవాలన్న ఆలోచన అప్పటికి గానీ తట్టలేదు. చివరికి పావురమూ బాత్‌రూమూ రెండూ తమ తమ చోట నిలబడ్డాయి. పంపించింది.

జవాబు మళ్ళీ మర్యాదగానే వచ్చింది. పని బాగుంది, ఒక్క మాట కోసం రాసిన నియమాన్ని తీసుకోలేం, ఇలాంటి మాటలన్నిటికీ పనికొచ్చేలా మార్చి పంపగలరా, పైగా వరసల మొదట స్పేస్ మీటతో ఖాళీలు వేయకుండా ట్యాబ్ మీటతో ట్యాబ్‌లు వేయాలి అని.

"ట్యాబ్‌లట," అంది ఫోన్లో, పళ్ళు కొరుకుతూ.

"వాళ్ళన్నది సబబే," అన్నాడు అబ్దుల్ తవ్వాబ్.

"సబబని నాకు తెలియక కాదు."

"మరి మంట దేనికి?"

"సబబైనందుకే."

ఆయన చాలాసేపు దగ్గి, "ట్యాబ్‌లు ముందు మార్చు. అది తేలిక," అన్నాడు.

తేలికైనది ఆ పూటే అయింది. తేలిక కానిది ఎండాకాలం ముదిరేదాకా నడిచింది. రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి ఒక్క వాక్యం వచ్చింది: కలిపాం, ధన్యవాదాలు. నజ్లా ఇంట్లో లేదు, బజారుకెళ్ళింది. కింద వీధిలో గ్యాస్ బండివాడు సిలిండర్ల మీద ఇనుపకడ్డీతో కొడుతున్నాడు. ఇన్షిరాహ్ ఆ వాక్యాన్ని రెండోసారి చదివించుకుంది. తర్వాత వాళ్ళు కలుపుకున్న తన వరసలను తెరిచి మొదటి నుంచి ఒక్కొక్కటే వింది. మధ్యలో ఒక వరస దగ్గర చెయ్యి ఆగింది. దాని అవసరమే లేదు. ఎప్పుడూ లేదు. తను చూసుకోలేదు, వాళ్ళూ చూసుకోలేదు.

"ఛీ," అనుకుని, దాన్ని చెరిపి మళ్ళీ కంపైలర్‌ని పిలిచింది.